నీకు వాసన రాదుగా

భార్గవ్ ఇంట్లో బట్టలుతికే లాండ్రీ గది గుమ్మం దాటి లోపలికి రాడు. బ్లీచ్ వాసనకి తల పగిలిపోతుందట. హాల్లోనే నిలబడి తలుపు సందులోంచి చెబుతుంటాడు.

"స్క్రబ్బర్ పెట్టకు నీలూ. ప్లాస్టిక్ మీద గీతలు పడితే క్రిములన్నీ వాటిల్లో చేరతాయి. మెత్తటి గుడ్డతో తుడువు."

"గుడ్డేనండీ," అంది నీలిమ, చేతిలోది పైకెత్తి చూపిస్తూ.

బీరు పులవబెట్టే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము అది. ఫెర్మెంటర్ అంటారు. నురగ పొంగి ఎండిపోయినచోట దాని అంచు చుట్టూ గోధుమరంగు చారిక కట్టింది. ముందు అది వదలాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే బ్లీచ్ దండగ. నీలిమ మోకాళ్ళ మీద కూర్చుని డ్రమ్ములోకి తల దూర్చి, నానిన చారికని గుడ్డతో కొంచెం కొంచెం ఊడదీసింది. ఆ నీళ్ళు పారబోసి, చన్నీళ్ళు అంచుదాకా నింపి, బ్లీచ్ కొలిచి పోసి, పొడుగాటి గరిటెతో కలిపింది. మూత, కుళాయి, రబ్బరు రింగులు దేనికది ఊడదీసి అందులోనే ముంచింది. తొలవడానికి మరగకాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద గిన్నెలో పక్కనే ఉన్నాయి. ఇక సీసాలు. ఒక్కొక్కదాంట్లో బ్రష్ దూర్చి తిప్పడం, వెలుగుకి ఎత్తి చూడడం, పక్కన పెట్టడం.

కళ్ళు మండుతున్నాయి. లేచి కిటికీ తెరిచింది.

"ఏయ్, మూసెయ్! పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు, చూట్లా? ఆ దుమ్ములో ఏ ఈస్ట్ ఉంటుందో ఏమో, బ్యాచ్ మొత్తం పోద్ది."

"మంటగా ఉందండీ."

"మంటేంటి? నీకు వాసన రాదుగా."

పోయిన చలికాలం జ్వరంతో పడుకుని లేచాక నీలిమకి వాసన తెలియకుండా పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మొదట్లో భార్గవ్ జాలిగానే ఉన్నాడు. తర్వాత ఇంట్లో కంపు కొట్టే పనులన్నీ ఒకటొకటిగా ఆమె దగ్గరికి చేరాయి. చెత్తడబ్బా కడగడం, మూసుకుపోయిన తూము, ఇంటి కప్పులో పిల్లిలాంటి పోసమ్ జంతువు చచ్చి కుళ్ళితే దాన్ని సంచీలోకి ఎత్తడం. ప్రతిసారీ అదే మాట. నీకేం, నీకు వాసన రాదుగా.

ఆమె కిటికీ మూసేసింది.

ఆదివారం మధ్యాహ్నం ద్వారకానాథ్, ఆయన భార్య వైశాలి భోజనానికి వచ్చారు. ద్వారకానాథ్ ఆఫీసులో భార్గవ్‌కి సీనియర్. వాళ్ళుండే రౌస్ హిల్‌లో ఇంట్లో బీరు చేసుకునే తెలుగువాళ్ళందరికీ ఆయన చెప్పిందే వేదం. వచ్చే నెల క్లబ్బు పోటీకి ఏ బీరు పంపాలో ఆయన రుచి చూసి చెబుతానన్నాడు. అందుకే ఈ పిలుపు.

పెరట్లో బార్బీ పొయ్యి మీద సాసేజీలు చిటపటమంటున్నాయి. భార్గవ్ ఫ్రిజ్‌లోంచి తెచ్చిన సీసాని తువ్వాలుతో తుడిచి మూత తీశాడు. పొడుగు గ్లాసులో, పక్కకి వంచి, నురగ రెండు వేళ్ళ మందం నిలిచేలా పోశాడు. రంగు బాగుంది. ద్వారకానాథ్ ఎండకి పెట్టి చూసి తల ఊపాడు. ఒక గుక్క తాగాడు. నోట్లో కాసేపు ఉంచుకుని కష్టం మీద మింగాడు.

"ఏంటయ్యా భార్గవ్, బ్యాండ్‌ఎయిడ్ నాకినట్టుంది."

"అదేంటి?"

"బ్లీచ్ మిగిలిపోయిందయ్యా. సరిగా తొలవకపోతే బీరులో కలిసి ఇలా ఆసుపత్రి కంపు కొడుతుంది. ఒక చిన్న రింగు కింద తడి ఉన్నా చాలు. ఈ బ్యాచ్ పారబొయ్యడమే." అని గ్లాసు బల్ల మీద పెట్టి చేత్తో దూరంగా జరిపాడు.

భార్గవ్ చెవులు ఎర్రబడ్డాయి. తనూ ఒక గుక్క తాగి గడ్డిలో ఉమ్మేశాడు. సలాడ్ గిన్నె పట్టుకుని అప్పుడే బయటికొచ్చింది నీలిమ.

"ఇదిగో, మా హైజీన్ డిపార్ట్‌మెంటు," అన్నాడు నవ్వుతూ. "ఏం కడిగావమ్మా? నెల రోజుల కష్టం తూములోకి పోయింది."

ఆ బ్యాచ్ పోసిన రోజు నీలిమకి గుర్తుంది. క్రికెట్ మొదలవుతోందన్న తొందరలో భార్గవ్ తనే వచ్చి, గుమ్మంలోంచే చెయ్యి చాపి బ్లీచ్ బకెట్లోంచి కుళాయి తీసి, ఒకసారి విదిలించి, డ్రమ్ముకి బిగించేశాడు. మరిగిన నీళ్ళతో తొలవాలేమోనండీ అంది. చుక్కకేం కాదులే అన్నాడు. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది. ద్వారకానాథ్ ముందు అంటే రాత్రికి ఏమవుతుందో తెలుసు. సలాడ్ గిన్నె బల్ల మీద పెట్టి, "ఈసారి జాగ్రత్తగా కడుగుతానండీ," అంది.

"దాన్ని అని ఏం లాభంలెండి. ముక్కు పనిచెయ్యదు పాపం. బీరుకీ బ్లీచ్‌కీ తేడా తెలీదు." అంతలో అతనికి ఏదో తోచినట్టుంది. కళ్ళు మెరిశాయి. "అమ్ములూ! కమ్ హియర్. ఒక గేమ్ ఆడదాం."

పదేళ్ళ అమ్ములు ట్రాంపొలిన్ దిగి వచ్చింది. తండ్రి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ ఇంట్లోకి వెళ్ళి మూడు చిన్న గ్లాసులు పట్టుకొచ్చారు. మూడింట్లోనూ తేటనీళ్ళలాంటిదే ఏదో ఉంది. వాటిని బల్ల మీద వరసగా పెట్టించి నీలిమని కుర్చీలో కూర్చోబెట్టాడు భార్గవ్.

"ఒకటి మంచినీళ్ళు, ఒకటి వెనిగర్, ఒకటి మనింట్లో ఫేమస్ ఐటమ్. వాసన చూసి నీళ్ళేవో చెప్పు."

"నాకు తెలీదు కదండీ."

"ట్రై చెయ్. డాక్టరు ప్రాక్టీస్ చెయ్యమన్నాడుగా. ఇది థెరపీ."

ద్వారకానాథ్ నవ్వాడు. అమ్ములు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిలకిలమంది. నీలిమ మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోది ఎత్తినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఆ నీళ్ళు పొద్దుట బ్లీచ్ పని చేసినప్పటినుంచీ ఉన్నవే.

"టైమ్ అయిపోతోంది మమ్," అంది అమ్ములు.

తొందరగా అయిపోతే బావుణ్ణనిపించింది నీలిమకి. "ఇదే అనుకుంటా," అని చేతిలో గ్లాసు చూపించింది.

"షూరా? అయితే తాగు. నీళ్ళేగా."

ఆమె భర్త మొహంలోకి చూసింది. అతను చేతులు కట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. ప్రమాదమైతే ఆపుతాడుగా అనుకుంది. గ్లాసు పెదాలకి ఆనించింది.

వైశాలి లేచి ఆమె మణికట్టు పట్టుకుని లాగేసింది. గ్లాసులోది బల్ల మీద, నీలిమ ఒళ్ళో ఒలికింది. నల్ల కుర్తా మీద పడినచోట మరకలు మెల్లగా రంగు మారుతుంటే అందరూ చూశారు.



"అరె, నేను ఆపేవాణ్ణేనండీ," అన్నాడు భార్గవ్. "చూస్తూనే ఉన్నాను. జోక్ అండీ బాబూ."

"ఏం జోకులయ్యా నీవి," అన్నాడు ద్వారకానాథ్, బార్బీ వైపు తిరుగుతూ. "అటు చూడు, సాసేజీలు మాడిపోతున్నాయి."

దాంతో అందరికీ పని దొరికింది. భార్గవ్ పటకారు అందుకున్నాడు. వైశాలి ప్లేట్లు పరిచింది. నీలిమ లోపలికి వెళ్ళి కుర్తా మార్చుకుని, పెదాలు చాలాసేపు కడుక్కుని, సాస్ సీసా పట్టుకుని బయటికి వచ్చింది. భోజనాల దగ్గర కొత్త మెట్రో గురించి, ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకున్నారు.

మర్నాడు వైశాలి ఫోన్ చేసింది. నిన్న ఆ గ్లాసు లాగేసిన మనిషి కదా, ఒక మంచి మాట అంటుందనుకుంది నీలిమ.

"అక్కా..."

"అది కాదు నీలిమా, నిన్న కుర్తా పాడైందిగా, పాపం. ఏం అనుకోకు. ఆయన సరదాకే చేశాడు. నేనే కొంచెం ఓవర్‌గా రియాక్ట్ అయ్యాననిపించింది ఇంటికెళ్ళాక. ద్వారక్ కూడా అన్నాడు. మీవారు ఏమన్నా ఫీలయ్యారా?"

"లేదక్కా."

"హమ్మయ్య. ఆఫీసులో ఇద్దరూ ఒకే టీములో ఉన్నారుగా, అందుకని."

ఆ వారమంతా ఆట ఆగలేదు. అమ్ములు స్కూలు నుంచి వస్తూనే ఏదో ఒకటి తల్లి ముక్కు దగ్గర పెట్టేది. "మమ్, స్మెల్ దిస్." ఒకరోజు సాక్స్, ఒకరోజు తండ్రి షేవింగ్ లోషన్. నీలిమ తెలీదనగానే తండ్రి వైపు చూసి నవ్వేది. అతను నవ్వితే ఇంకొంచెం గట్టిగా నవ్వేది. గురువారం సాయంత్రం కాఫీ కలుపుకుని తాగుతుంటే తండ్రీ కూతురూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నాలిక మీద ఏదో పుల్లగా, గరగరగా తగిలి నీలిమ సింకులో ఉమ్మేసింది. పాలు విరిగి రెండ్రోజులయిందట. పారెయ్యకుండా దాచి ఉంచారట.

"ఐ టోల్డ్ యూ షీ వుడ్ డ్రింక్ ఇట్," అన్నాడు భార్గవ్.

అమ్ములు పకపకా నవ్వింది. నీలిమ సింకు మీదికి వంగి నోరు పుక్కిలించుకుంది. అతను చేసింది ఆమెకి కొత్త కాదు. ఆ పిల్ల నవ్వే తట్టుకోలేకపోయింది. నా కడుపున పుట్టి ఆయన పక్షం చేరింది అనుకుంది. ఆ రాత్రి కూతురికి జడ విప్పి దువ్వుతుంటే చేతులు బరువుగా కదిలాయి. ఎప్పుడూ పెట్టే ముద్దు పెట్టకుండానే లైటు ఆర్పేసింది.

శనివారం పోటీ బ్యాచ్ మొదలుపెట్టాలి. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని భార్గవ్ పొద్దుటినుంచీ హడావుడి పడుతున్నాడు. గరాజులో పెద్ద స్టవ్ మీద నీళ్ళు కాగుతున్నాయి. లాండ్రీలో నీలిమ సీసాల వరస ముందు పీట వేసుకుని కూర్చుంది. డ్రయ్యర్ గిర్రున తిరుగుతోంది, అమ్ములు ఈతబట్టలు అందులో ఆరుతున్నాయి.

"అమ్ములూ, వంటింట్లోంచి వెనిగర్ పట్రా," అని కేకేశాడు భార్గవ్ హాల్లోంచి.

అమ్ములు సీసా తెచ్చిచ్చింది. అతను బనీను ముక్కు మీదికి లాక్కుని మొదటిసారి లాండ్రీ లోపలికి వచ్చాడు. బకెట్లో నీళ్ళు కలపకుండా బ్లీచ్ పోశాడు, డబ్బాలో సగం పైగా.

"వెనిగర్ కలిపితే బ్లీచ్‌కి పవర్ పెరుగుతుంది. ఎక్కడో చదివాను."

"డబ్బా మీద వేటితోనూ కలపొద్దని రాసుందండీ."

"డబ్బా మీద భయస్తుల కోసం రాస్తారు. బీరు గురించి నువ్వు నాకు చెబుతావా? నీ పనితనం పోయినవారం చూశాంగా." వెనిగర్ సీసా వంచేశాడు. బకెట్లో సన్నగా నురగ లేచింది. అతను గబుక్కున వెనక్కి అడుగేసి, దగ్గుతూ గుమ్మం దాటాడు. "కుళాయి, రింగులు అందులో వెయ్. సీసాలు కూడా ముంచి తియ్. తలుపేస్తున్నా, కంపు ఇల్లంతా వస్తుంది."

తలుపు పడింది. గుమ్మం అవతల బూట్ల లేసులు కట్టుకుంటూ కూర్చున్న అమ్ములు ఇదంతా చూసింది.

నీలిమ కుళాయి బకెట్లో వేసింది. గొంతులో కారం పడ్డట్టయింది. కళ్ళు మండాయి. ఎప్పుడూ మండేవే కదా అనుకుంది. భుజంతో కళ్ళు తుడుచుకుంటూ ఒక సీసా ముంచి తీసింది. ఇంకోటి. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టు ఉంది. కిటికీ వైపు చూసింది గానీ లేవలేదు. తెరిస్తే గరాజులో ఉన్న భార్గవ్‌కి కనపడుతుంది.

డ్రయ్యర్ ఆగి బీప్‌మంది. తలుపు తోసుకుని అమ్ములు వచ్చింది. "మై స్విమ్మర్స్," అంటూ బకెట్ పక్కనే గొంతుక్కూర్చుని డ్రయ్యర్‌లోకి చెయ్యి పెట్టింది. ఒక్కసారిగా దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఇక ఆగలేదు. చేతిలో బట్టలు జారిపోయాయి. పిల్ల నోరు తెరిచి గాలి పీల్చబోతోంది, గాలి వెళ్ళడం లేదు. పెదాల చుట్టూ రంగు పోయింది.

నీలిమ సీసా వదిలేసింది. పిల్లని చంకలో వేసుకుని పరిగెత్తింది. వంటింటి తలుపు భుజంతో తోసి, పెరట్లో గడ్డి మీద కూలబడి, "ఏమండీ! అంబులెన్స్!" అని అరిచింది. ఆ అరుపు సగమే వచ్చింది.

అంబులెన్సులో వచ్చినావిడ పొట్టి జుట్టు మనిషి. అమ్ములు మొహానికి ఆక్సిజన్ మాస్కు తొడిగి, వేలికి క్లిప్పు పెట్టి, తల ఎత్తకుండానే ఇంగ్లీషులో అడిగింది. ఏం కలిసింది? ఎవరు కలిపారు?

"మై వైఫ్," అన్నాడు భార్గవ్ వెంటనే. అతని గొంతు నిజంగానే వణికింది. "బ్లీచ్, వెనిగర్. ఆమెకి వాసన తెలీదు. ఏం చేస్తోందో ఆమెకి తెలీదు. ఎన్నోసార్లు చెప్పాను."

"నో," అంది నీలిమ. "ఆయనే—" అంతలో దగ్గు తెర పట్టేసింది. రెండో మనిషి ఆమెకీ ఒక మాస్కు తగిలించాడు. మాస్కు లోపల ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

పొట్టి జుట్టావిడ ఇద్దరి వైపూ చూసి, పిల్ల వైపు వంగింది. "నువ్వు చూశావా తల్లీ? ఎవరు పోశారు?"

అమ్ములు తండ్రి వైపు చూసింది. అతను చూస్తూ నిలబడ్డాడంతే.

"మమ్," అంది అమ్ములు మాస్కులోంచి. "మమ్ డిడ్ ఇట్. షీ కాంట్ స్మెల్."

ఆవిడ రాసుకుంది.

ఆసుపత్రిలో పిల్లల వార్డులో కర్టెన్లతో విడదీసిన మంచాల్లో ఒకటి ఇచ్చారు. ఆవిరి మందు పట్టాక అమ్ములు ఊపిరి నెమ్మదించింది. పొద్దున్న దాకా ఇక్కడే ఉంచి చూస్తాం, భయం లేదు అంది డాక్టరమ్మ. నీలిమ ఛాతీ కూడా విని, ఏం కాలేదంది. వెళ్తూ వెళ్తూ, ఇంట్లో అలాంటివి కలిపితే విషవాయువు పుడుతుంది, కలపకూడదమ్మా అని చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా, విడివిడిగా చెప్పింది. భార్గవ్ పక్కనే నిలబడి సీరియస్‌గా తల ఊపాడు.

"కారు తీసి మల్టీస్టోరీ పార్కింగ్‌లో పెట్టొస్తా," అన్నాడు తర్వాత. వంగి నీలిమ చెవి దగ్గర తెలుగులో, "అయిందేదో అయింది. నువ్వే అని ఊరుకో. నీకైతే వాసన రాదు కాబట్టి యాక్సిడెంట్ అంటారు. నాకైతే కేసు," అని వెళ్ళాడు.

మంచం మీద అమ్ములు చాలా చిన్నగా కనపడింది. చేతికి ప్లాస్టిక్ పట్టీ వేశారు. నీలిమ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కోపం ఇంకా ఉంది. వారమంతా కూడబెట్టుకున్న కోపం.

"ఎందుకలా చెప్పావు? నువ్వు చూశావుగా."

అమ్ములు దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటోంది.

"నాన్న పోశారుగా. వెనిగర్ నువ్వే తెచ్చిచ్చావు."

"ఐ నో."

"మరి?"

"బికాజ్ డాడ్ గెట్స్ మ్యాడ్," అంది అమ్ములు. "యు డోంట్. యు నెవర్ గెట్ మ్యాడ్, మమ్. ఏం చేసినా."

పిల్ల మొహంలో గడుసుదనం లేదు, సంజాయిషీ కూడా లేదు. వానొస్తే గొడుగు వేసుకుంటారు అన్నట్టు చెప్పింది.

అమ్ములే మళ్ళీ అంది. "దట్ సండే... బ్లీచ్ గ్లాస్ ఏదో ఐ న్యూ. నువ్వు అదే తీసుకున్నావు. నేను చెప్దామనుకున్నా."

"మరి నవ్వావేం?"

"నవ్వకపోతే నెక్స్ట్ నన్ను కూర్చోపెడతాడు."

ఆ ఇంట్లో ఎప్పుడు ఎలా నవ్వాలో పిల్ల నేర్చుకుంది. ఓర్చుకోవడం నేర్చుకున్న తల్లి ఏ దెబ్బయినా కాచుకుంటుందని కూడా నేర్చుకుంది. ఇన్నాళ్ళూ తను నోరు మూసుకున్నది ఈ పిల్ల కోసమే అనుకుంటూ వచ్చింది నీలిమ. గురువారం రాత్రి ముద్దు పెట్టకుండా లైటు ఆర్పింది ఈ పిల్లకే. కూతురి నుదుటి మీద చెయ్యి వేయబోయి, బ్లీచ్‌కి తోలు లేచిన వేళ్ళు చూసుకుని, మణికట్టుతో నిమిరింది.

నర్సు కర్టెన్ జరుపుకుని వచ్చింది. బొద్దుగా, నిద్ర చాలని మొహంతో ఉంది. పిల్ల వేలి క్లిప్పు సరిచేసి, మానిటర్‌లో అంకెలు చూసి, చేతిలో ట్యాబ్లెట్ మీద ఏదో నొక్కుతూ, అందరినీ అడిగే గొంతుతోనే అడిగింది. "ఇంట్లో మీకు, పాపకి అంతా క్షేమంగానే ఉంటుందా?"

ఔననడం తేలిక. నీలిమ నోరు తెరిచింది. అమ్ములు తల్లినే చూస్తోంది, ఆమె ఏం చెబుతుందో ముందే తెలిసినట్టు.

"లేదు," అంది నీలిమ ఇంగ్లీషులో. "క్షేమం కాదు."

నర్సు చెయ్యి ట్యాబ్లెట్ మీద ఆగింది. ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. నీలిమ చెప్పడం మొదలుపెట్టింది. బకెట్ గురించి, వెనిగర్ గురించి, ఎవరు పోశారో, తలుపు ఎవరు వేశారో. ఇంగ్లీషు అక్కడక్కడా తడబడింది. ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. నర్సు తొందరపెట్టలేదు. ఆదివారం గ్లాసుల ఆట దగ్గరికి వచ్చింది.

అంతలో భార్గవ్ వచ్చాడు. చేతిలో రెండు కాఫీలు. నర్సుని చూసి చక్కగా నవ్వాడు. ఆ నవ్వు చెరక్కుండానే తెలుగులో అడిగాడు. "ఏం చెబుతున్నావ్ దీనికి?"

నర్సుకి భాష అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నీలిమ లేచి నిలబడింది.

"నువ్వు బయట ఉండు," అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని ఏకవచనంలో పిలవలేదు. భార్గవ్ సరిగా వినలేదేమోనన్నట్టు తల ముందుకి వంచాడు. కాఫీ ఒకటి ఒరిగి వేళ్ళ మీద చిందింది.

"ఏంటీ?"

"బయట ఉండు."

కర్టెన్ అంచు పట్టుకుని, అతని మొహం మీదుగా అటు చివరిదాకా లాగేసింది. వచ్చి కుర్చీలో కూర్చుని, నర్సు వైపు తిరిగి, ఆపినచోటినుంచి మొదలుపెట్టింది.

అమ్ములు ఆ మాటలేవీ వినడం లేదు. కర్టెన్ కిందనుంచి తండ్రి బూట్లు కనపడుతున్నాయి. అవి కదిలేదాకా వాటినే చూస్తూ పడుకుంది.